అన్‌మెల్డుంగ్ (ఇంటి అడ్రస్ నమోదు) కాగితం గది ఇచ్చినాయన ఇవ్వనంటున్నాడు, ఏం చేయాలి? (జర్మనీలో మాగ్డెబర్గ్, కొత్తగా వచ్చాను)

గోదారి_గట్టు
మాస్టర్స్ కోసం సెప్టెంబరు ఆఖర్లో మాగ్డెబర్గ్ వచ్చాను. హాస్టల్ వెయిటింగ్ లిస్టులో ఉన్నాను, ఎప్పటికి వస్తుందో తెలీదు. అందుకని ఒక వాట్సాప్ గ్రూపులో చూసి, మనవాళ్లే ఉంటున్న ఫ్లాటులో ఒక గది తీసుకున్నాను. నెలకు 320 యూరోలు, రెండు నెలల అడ్వాన్సు ఇండియా నుంచే పంపేశాను. దిగాక అన్‌మెల్డుంగ్ కోసం ఇంటి కాగితం మీద సంతకం అడిగితే, అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉందో ఆయన "ఈ గదికి అన్‌మెల్డుంగ్ కుదరదు, ఓనర్‌కి తెలిస్తే అందరం రోడ్డున పడతాం" అంటున్నాడు. ముందు ఈ మాట ఎక్కడా చెప్పలేదు.

అది లేక బ్యాంకులో ఖాతా తెరవట్లేదు. ఖాతా లేక బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే కట్టి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) డబ్బు కదలట్లేదు. జేబులో తెచ్చుకున్న యూరోలు అయిపోవస్తున్నాయి. నాన్నని అడగడానికి నోరు రావట్లేదు, లోను కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడే ఆయన మొహం చూశాను. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. ఒకాయన 200 యూరోలు ఇస్తే తన అడ్రస్ మీద నమోదు చేయిస్తానంటున్నాడు. చేయించుకోమంటారా?

పాతకాపు
ఆ 200 యూరోలాయన జోలికి పోకు తమ్ముడూ. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఉండని ఇంట్లో ఉంటున్నట్టు రాయించడం ఇక్కడ చట్టవిరుద్ధం. అలా అడ్రస్ అమ్ముకునేవాడికి 50,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చని చట్టంలోనే ఉంది. నీకూ పడుతుంది. జరిమానా సంగతి అలా ఉంచు, నీ బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, స్టాయర్ ఐడీ (పన్ను నంబరు), వీసా ఆఫీసు ఉత్తరాలు అన్నీ వాడి డబ్బాలో పడతాయి. ముక్కూ మొహం తెలియనివాడికి నీ జుట్టు ఎందుకు ఇస్తావు?

కరీంనగర్_కుర్రాడు
అన్న చెప్పింది పుస్తకంలో మాట. ఇల్లే దొరకనప్పుడు ఏం చేస్తాడు? నేను డోర్ట్‌మండ్‌లో దిగినప్పుడు దోస్తు అడ్రస్ మీదనే చేయించుకున్న. ఎవరూ ఏమీ అడగలే.

పాతకాపు
అప్పుడు నువ్వు ఉన్నది ఆ దోస్తు ఇంట్లోనేనా?

కరీంనగర్_కుర్రాడు
ఆ, హాల్లో పరుపు వేసుకుని.

పాతకాపు
మరి అందులో తప్పేముంది? నిజంగా ఉన్నావు, ఉన్నచోటే రాయించుకున్నావు. ఇతనికి చెబుతున్నది కాలు కూడా పెట్టని ఇంటి అడ్రస్. రెండింటికీ చాలా తేడా ఉంది.

కరీంనగర్_కుర్రాడు
అట్లయితే సరే. ఆ ముక్క నేను సరిగ్గా చదవలే.

ఓరుగల్లు_అక్క
నేను లైప్‌జిగ్‌లో ఉంటాను, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది. ప్రతి అక్టోబరులో ఇదే కథ వింటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నమోదు చేయించుకోవాలన్నది నిజమే. దానికి ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి, పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. చాలామందికి తెలియని సంగతేంటంటే, ఆ సంతకం ఇంటి ఓనరే చేయాలని లేదు. ఒకళ్లు ఫ్లాటు అద్దెకు తీసుకుని అందులో ఒక గది నీకు ఇస్తే, నీ వరకు ఇల్లిచ్చింది వాళ్లే. కాబట్టి సంతకం పెట్టాల్సింది వాళ్లే. ఇష్టముంటే పెట్టడం, లేకపోతే మానడం కాదు, పెట్టి తీరాలి.

ఇక రెండోది. వాళ్లు ఇవ్వనంటే నువ్వు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. "ఇల్లిచ్చినవాళ్లు కాగితం ఇవ్వట్లేదు" అని నమోదు ఆఫీసుకి నువ్వే వెంటనే తెలియజేయాలి. ఇది ఫెడరల్ నమోదు చట్టం 19వ సెక్షన్లో ఉంది. అలా తెలియజేస్తే తప్పు నీ మీద ఉండదు. ఈమెయిల్ పంపినా చాలు, తేదీతో సహా ఒక కాపీ దాచుకో. టెర్మిన్ (ఆఫీసు అపాయింట్‌మెంటు) రెండు వారాల తర్వాతే దొరికినా కంగారు పడకు, బుక్ చేసుకున్న కన్ఫర్మేషన్ చూపిస్తే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు.

ఆయన ఎందుకు భయపడుతున్నాడో కూడా చెబుతా. ఆ ఫారంలో ఓనర్ పేరు రాసే గడి ఉంటుంది. ఓనర్‌ని అడక్కుండా గదులు అద్దెకిచ్చి ఉంటాడు. ఒక్కో గదికి ఇద్దరిని పెట్టి ఉంటే మరీ భయం. అది ఆయన తలనొప్పి. దాని కోసం నీ వీసాని పణంగా పెట్టక్కర్లేదు.

గోదారి_గట్టు
అక్కా, మీరన్నది నిజమే. రెండు గదుల ఫ్లాటులో ఐదుగురం ఉన్నాం. తలుపు పక్కన ఉత్తరాల డబ్బా మీద ఒక్క పేరే ఉంది.

ఓరుగల్లు_అక్క
అయితే ముందు ఆ డబ్బా మీద నీ పేరు అంటించు. ఈ రోజే. తెల్ల కాగితం మీద ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాసి టేపు వెయ్యి.

బెజవాడ_బాబు
దీని గురించి ఎవరూ ముందు చెప్పరు, నాకు భలే కోపం వస్తుంది. మనకి డోర్ నంబరు, బై నంబరు, ఎదురుగా రామాలయం, పోస్ట్‌మ్యాన్‌కి ఫోను చేస్తే వచ్చి ఇస్తాడు. ఇక్కడ అపార్టుమెంట్లలో చాలావరకు ఫ్లాటు నంబరన్నదే ఉండదు. వీధి, ఇంటి నంబరు, ఆ తర్వాత డబ్బా మీద పేరు. పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మా రూమ్మేట్ బ్యాంకు కార్డు ఒక కవరులో, పిన్ ఇంకో కవరులో వస్తాయి కదా, కార్డు వచ్చింది, పిన్ వెనక్కి పోయింది. మళ్లీ తెప్పించుకునేసరికి నెలాఖరు, అద్దె కట్టే రోజు.

పాస్‌పోర్టులో మన పేర్లు ఇంత పొడుగు ఉంటాయి, డబ్బా మీద అంత చోటుండదు. ఉత్తరాల మీద ఏ పేరు వస్తుందో అదే రాయాలి. ఇంటిపేరు, సొంతపేరు తారుమారైన పాస్‌పోర్టులుంటే రెండూ రాయండి.

చీరాల_సీత
ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులవాళ్లకి ఇంకో గొడవ. కొన్ని ఆఫీసుల్లో మొత్తం పేరు ఇంటిపేరు కింద ఎక్కించేస్తారు. ఇన్సూరెన్స్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా, యూనివర్సిటీలో ఒకలా. మొదటి చోట ఎలా రాశారో చూసుకుని మిగతా అన్నిచోట్లా అలాగే రాయించుకుంటే తర్వాత బాధ ఉండదు.

పాతకాపు
బ్యాంకు సంగతికి వద్దాం, తమ్ముడి చేతిలో డబ్బు లేదు. బ్యాంకుకి వెళ్లి తెరిచే ఖాతాకే చాలావరకు అన్‌మెల్డుంగ్ కాగితం అడుగుతారు. ఆన్‌లైన్ బ్యాంకుల్లో కొన్ని పాస్‌పోర్టుతోనే తెరుస్తాయి, ఇండియన్ పాస్‌పోర్టు తీసుకుంటారో లేదో యాప్‌లో ముందే చూసుకో. బ్లాక్డ్ అకౌంట్ పెట్టిన కంపెనీ కూడా కొన్నిసార్లు తమ దగ్గరే కరెంట్ ఖాతా ఇస్తుంది. నీది ఏ రకమో వాళ్లకే మెయిల్ రాసి అడుగు. 11,904 యూరోలు అక్కడ పెట్టావు, నెలకు 992 నీకు రావాల్సినవి. అది నీ డబ్బు, మొహమాటపడకుండా గట్టిగా అడుగు.

సీమ_చినుకు
మాగ్డెబర్గ్‌లోనే రెండో ఏడాది చదువుతున్నా. అడ్వాన్సు సంగతి అడుగుతా, రసీదు ఉందా?

గోదారి_గట్టు
బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఉంది. అగ్రిమెంటు అంటే వాట్సాప్ మెసేజీలే.

సీమ_చినుకు
ట్రాన్స్‌ఫర్ చాలు, మెసేజీలు కూడా పనికొస్తాయి. స్క్రీన్‌షాట్లు తీసి వేరేచోట దాచుకో. ఫోన్లో మాట్లాడిందంతా ఒకసారి మెసేజీలో రాయి: "మీరు అన్‌మెల్డుంగ్ కాగితం ఇవ్వలేనన్నారు, ఆ సంగతి నేను ఆఫీసుకి చెప్పాల్సి ఉంటుంది" అని. బెదిరించినట్టు రాయకు, మర్యాదగా రాయి. చాలామంది ఆ ఒక్క మెసేజీకే దారికొస్తారు. రాకపోతే స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల సంక్షేమ సంస్థ)లో గానీ విద్యార్థి సంఘంలో గానీ లీగల్ సలహా ఎప్పుడు ఇస్తారో కనుక్కుని వెళ్లు.

తుని_తమలపాకు
మనోళ్లే మనోళ్లని ఇలా చేస్తున్నారంటే బాధగా ఉంది. ఇండియా నుంచి డబ్బు పంపేది తెలుగు పేరు చూసే కదా. అదే నమ్మకాన్ని అమ్ముకుంటున్నారు.

కరీంనగర్_కుర్రాడు
అందరూ అట్ల ఉండరు. నన్ను స్టేషన్లో దింపుకుని ఇంటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, సిమ్ కొనిచ్చింది కూడా మనోళ్లే. ఒక్క పైసా తీసుకోలే. గది కూడా మనోళ్ల దగ్గరే వెతకాలె, కాకపోతే పైసలు పంపేముందు "అన్‌మెల్డుంగ్ అవుతుందా" అని రాతపూర్వకంగా అడగాలె.

చీరాల_సీత
నాది వేరే అభిప్రాయం. మొదట్లో ఒక్కసారైనా మనవాళ్లు లేని ఇంట్లో ఉండాలి. నేను ఇద్దరు జర్మన్ అమ్మాయిలు, ఒక వియత్నాం అమ్మాయితో ఉన్నాను. చెత్త ఏ డబ్బాలో వేయాలి, హీటర్ ఎంతలో పెట్టాలి, ఆదివారం డ్రిల్లింగ్ మెషీన్ ఎందుకు వాడకూడదు, ఇవన్నీ ఇంట్లోనే తెలిశాయి. భాష కూడా కాస్త నోటికొచ్చింది. తెలుగు ఫ్లాటులో ఉన్న నా క్లాస్‌మేట్లు రెండో ఏడాదిలో కూడా బేకరీకి వెళ్తే వేలు పెట్టి చూపిస్తున్నారు.

బెజవాడ_బాబు
అందరికీ ఆ గది దొరకదు సీతగారూ. ఆన్‌లైన్‌లో వందమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారు. ఇంటర్వ్యూ అంటారు, నీ హాబీలేంటి అంటారు. ఇండియాలో కూర్చుని రాసేవాడికి ఒక్కరూ జవాబివ్వరు. అందులోనే మోసగాళ్లు దూరతారు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళం కొరియర్ చేస్తాను" అని. అది నూటికి నూరుపాళ్లు దొంగ. గది చూడకుండా, లేదా తెలిసినవాళ్లతో చూపించకుండా పైసా పంపొద్దు.

చీరాల_సీత
అది ఒప్పుకుంటాను. దిగినప్పుడు మనవాళ్ల దగ్గర, కుదురుకున్నాక బయట. ఇలా అంటే మీకు సమ్మతమేనా?

బెజవాడ_బాబు
సమ్మతమే. మీ బేకరీ మాట మాత్రం నాకు గట్టిగానే తగిలింది, ఈ రోజే క్లాసులో చేరతాను.

నిమ్మకాయ_పులిహోర
గోదారి_గట్టు, నువ్వు నిద్ర పట్టట్లేదని రాశావు. అందరూ కాగితాల గురించే చెబుతున్నారు, నేను దాని గురించి అడుగుతా. తింటున్నావా? ఎవరితోనైనా రోజూ మాట్లాడుతున్నావా?

గోదారి_గట్టు
మ్యాగీ, బ్రెడ్డు తింటున్నాను. వంటింట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, నేను కొత్తవాణ్ని కదా అని పక్కకి ఉంటాను. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉందని చెబుతున్నాను. వీడియో మాత్రం ఆన్ చేయట్లేదు, గది చూస్తే తట్టుకోలేదు.

నిమ్మకాయ_పులిహోర
వీడియో ఆన్ చెయ్యి. అమ్మలకి గొంతులోనే తెలిసిపోతుంది, చూపించకపోతే ఇంకా ఎక్కువ ఊహించుకుంటారు. గది చిన్నది, నెలలో మారతాను అని చెప్పు. చెప్పిన రోజు ఏడుస్తుంది, మర్నాటి నుంచి "ఏం వండుకున్నావు" అనే అడుగుతుంది.

వంటింట్లో నీకూ హక్కుంది, అద్దె కడుతున్నావు. సాయంత్రం ఆరింటికి నాకు అన్నం వండుకోవాలి అని చెప్పెయ్యి. డిస్కౌంట్ షాపుల్లో జాస్మిన్ బియ్యం దొరుకుతాయి, మన సోనా మసూరికి అలవాటుపడ్డ నోటికి అదే కాస్త దగ్గర. మిల్హ్‌రైస్ అని పొట్టి గింజ బియ్యం ఉంటాయి, చవకగా ఉన్నాయని తీసుకోకు, అవి పాయసానికి. కందిపప్పు ఇండియన్ షాపులో కొనుక్కో, ఎర్ర కందిపప్పు టర్కిష్ షాపుల్లో కూడా ఉంటుంది. పప్పూ అన్నం కడుపులో పడితే సగం దిగులు తగ్గుతుంది.

తుని_తమలపాకు
పోపు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. గదుల్లో సీలింగ్‌కి తెల్లటి గుండ్రటి పొగ డిటెక్టర్ ఉంటుంది. మా హాస్టల్లో ఒకబ్బాయి గది తలుపు తీసిపెట్టి వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించాడు. ముందు అది మోగింది, తర్వాత కారిడార్‌లోది మోగింది, తర్వాత ఫైరింజన్ వచ్చింది. అందరం చలిలో చెప్పులతో కింద నిలబడ్డాం. వంటింటి కిటికీ బార్లా తీసి, గది తలుపు మూసి, మూకుడు మీద మూతతో పోపు వేయాలి. డిటెక్టర్ మీద కవరు కట్టేవాళ్లని కూడా చూశాను, అలా అసలు చేయొద్దు.

కరీంనగర్_కుర్రాడు
ఆ హాస్టల్లో జర్మన్ పిల్లలందరికీ ఇప్పుడు పోపు అంటే ఏందో తెలిసిపోయి ఉంటది 😀

తుని_తమలపాకు
తెలియడమేంటి, ఆ రోజు పక్క గదబ్బాయి పైకి వచ్చి ఆ పప్పే తిన్నాడు. ఇప్పుడు శుక్రవారాలు అడిగి మరీ వస్తాడు.

సీమ_చినుకు
డబ్బు అయిపోతుందని రేపటి నుంచి డెలివరీ పనికి పోదామనుకుంటున్నావేమో, ఆగు. వేరేవాళ్ల డెలివరీ అకౌంటు అద్దెకిస్తామని గ్రూపుల్లో పెడతారు. దొరికితే రెసిడెన్స్ పర్మిట్‌కే ఎసరు. మన స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పని చేయొచ్చు, 2024 మార్చి నుంచి ఈ లెక్క, అంతకుముందు 120, 240 ఉండేది. కానీ అది జీతానికి చేసే ఉద్యోగానికి. సొంతంగా ఫ్రీలాన్స్ చేయాలంటే వేరే అనుమతి కావాలి. స్టాయర్ ఐడీ అన్‌మెల్డుంగ్ అయ్యాక కొన్ని వారాల్లో పోస్టులో వస్తుంది, యజమాని అదే అడుగుతాడు. అందుకే ఇక్కడ అన్నీ ఆ మొదటి కాగితం దగ్గరే ఆగుతాయి.

బెజవాడ_బాబు
నన్నడిగితే మొదటి సెమిస్టర్లో పనికి అసలు పోకూడదు.

సీమ_చినుకు
లోను తీసుకుని వచ్చినవాడికి అలా చెప్పడం తేలిక బాబూ. నేను మొదటి సెమిస్టర్‌లోనే వారానికి రెండు రోజులు ఒక గోడౌన్‌లో చేశాను, ఇంటికి ఒక్క రూపాయి అడగలేదు. ఒక్కటే నియమం పెట్టుకున్నాను, ల్యాబ్ ఉన్న ముందు రాత్రి షిఫ్టు తీసుకోను. నైట్ షిఫ్టు డబ్బు ఎక్కువ వస్తుందని ఆశపడి పరీక్షలు వదిలేసినవాళ్లని కూడా చూశాను, నీ భయం నాకు అర్థమవుతుంది.

బెజవాడ_బాబు
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పరీక్షల సంగతి మాత్రం కొత్తవాళ్లు వినాలి. ఇక్కడ క్లాసుకి పోకపోయినా ఎవరూ అడగరు, అటెండెన్స్ లేదని మనవాళ్లు సంబరపడతారు. పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికో గడువు ఉంటుంది, దాటితే ఆ సెమిస్టర్‌కి అంతే. ఒక సబ్జెక్టుకి చాలాచోట్ల మూడే ప్రయత్నాలు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారి కూడా పోతే ఆ కోర్సు నుంచే తీసేస్తారు, దేశంలో ఇంకో యూనివర్సిటీలో అదే కోర్సులో చేరడం కూడా కష్టమైపోతుంది. మన సప్లీల్లాగా ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు అనుకోవద్దు. మార్కులు కూడా తలకిందులు, 1.0 అంటే అన్నిటికంటే మంచిది, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 అంటే తప్పినట్టు.

కొత్త_మొగ్గ
నేను వచ్చే ఏప్రిల్ ఇంటేక్‌కి అప్లై చేస్తున్నా. ఇదంతా చదువుతుంటే టెన్షన్ వస్తోంది. ఇన్సూరెన్స్ కూడా అక్కడికి వచ్చాకే తీసుకోవాలా?

ఓరుగల్లు_అక్క
యూనివర్సిటీలో చేరడానికే ఇన్సూరెన్స్ కావాలి అమ్మా. 30 ఏళ్లలోపువాళ్లు గవర్నమెంట్ పద్ధతి కంపెనీల్లో ఏదో ఒకటి తీసుకుంటే స్టూడెంట్ రేటు పడుతుంది. ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో ఫారం నింపొచ్చు, వాళ్లే యూనివర్సిటీకి కంప్యూటర్‌లో సమాచారం పంపిస్తారు. చవకని ప్రైవేటుది తీసుకుంటే చదువున్నంత కాలం మళ్లీ ఇటు మారడం కష్టం, అది బాగా ఆలోచించి చెయ్యి.

ఒంట్లో బాగాలేక రాత్రిపూటో శనాదివారాలో డాక్టర్ కావాలంటే 116117. ప్రాణాల మీదకి వస్తే 112. రెండూ ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

పాతకాపు
ఇంకోటి, రేడియో టీవీ రుసుము. అన్‌మెల్డుంగ్ అయిన కొన్నాళ్లకి ఒక ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు కట్టమని. మోసం అనుకుని చించేస్తారు చాలామంది. మోసం కాదు. టీవీ లేకపోయినా కట్టాలి. కానీ అది మనిషికి కాదు, ఇంటికి. ఐదుగురున్న ఇంట్లో ఒకరు కడుతుంటే ఆయన రుసుము ఖాతా నంబరు రాసి పంపితే చాలు, డబ్బు పంచుకోండి.

చీరాల_సీత
ట్రామ్ టికెట్ కూడా చెప్పాలి. స్టేషన్లో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, ఫ్రీ అనుకుంటారు. చెకింగ్ వాళ్లు మామూలు బట్టల్లో ఎక్కుతారు, టికెట్ లేకపోతే 60 యూరోలు. సెమిస్టర్ ఫీజులో టికెట్ ఉందో లేదో, ఉంటే ఏ ఊళ్ల దాకానో ముందు యూనివర్సిటీ వెబ్‌సైటులో చూసుకోవాలి.

గోదారి_గట్టు
అందరికీ జవాబివ్వలేకపోతున్నాను, కానీ ప్రతి పోస్టూ చదువుతున్నాను. సీమ_చినుకు గారు చెప్పినట్టే మెసేజీ పంపాను. ఆయన కోపంగా ఫోన్ చేసి "నీ వల్ల అందరికీ ఇబ్బంది" అన్నాడు. మిగతా నలుగురిలో ఇద్దరికి కూడా నమోదు అవ్వలేదని అప్పుడు తెలిసింది. వాళ్లు గట్టిగా అడగలేకపోయారట. ముగ్గురం కలిసి అక్క చెప్పినట్టు ఆఫీసుకి ఈమెయిల్ రాశాం. డబ్బా మీద ముగ్గురి పేర్లూ అంటించాం.

ఓరుగల్లు_అక్క
శభాష్. కలిసి రాశారు చూడు, అది చాలా మంచి పని. ముగ్గురి మాట ఒక్కరి మాటకంటే గట్టిగా వినపడుతుంది. వీసా ఎప్పటిదాకా ఉంది?

గోదారి_గట్టు
డిసెంబరు ఆఖరు దాకా.

ఓరుగల్లు_అక్క
అయితే రెసిడెన్స్ పర్మిట్‌కి ఇప్పుడే ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యి, వీసా గడువు ముగిసేలోపు అప్లికేషన్ వాళ్లకి చేరాలి. గడువులోపు చేరితే నిర్ణయం వచ్చేదాకా నువ్వు ఇక్కడ చట్టబద్ధంగానే ఉన్నట్టు. దానికి ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఇస్తారు, అడిగి తీసుకో. అది చేతిలో లేకుండా ఇండియా టికెట్ కొనకు. ఉన్నా కూడా అది ఏ రకమో, దానితో బయటికెళ్లి తిరిగి రావచ్చో లేదో అడిగాకే కొను.

సీమ_చినుకు
మా బిల్డింగ్‌లో ఒకమ్మాయి ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్తోంది, నవంబరు నుంచి ఆరు నెలలు తన గది ఇస్తుంది. హాస్టల్ అనుమతితోనే, అన్‌మెల్డుంగ్ కూడా అవుతుంది. అబ్బాయికి ఇస్తారో లేదో అడిగి చెబుతా. ఆదివారం మధ్యాహ్నం ఖాళీయా? మేం కొందరం ఎల్బే నది గట్టు మీద నడుస్తాం, రోటెహోర్న్ పార్కు దాకా. మొన్న వర్షంలో కూడా మానలేదు. నువ్వూ, ఆ ఇద్దరూ రండి. దారిలో టౌన్ హాల్ దగ్గర ఓట్టో ఫాన్ గేరికె విగ్రహం చూపిస్తా. గాలి తీసేసిన రెండు అర్ధగోళాలని గుర్రాలతో లాగించినా విడిపోలేదని స్కూల్లో చదువుకున్నాం కదా, ఆయనే. ఈ ఊరికి మేయర్‌గా చేశాడు, మీ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

గోదారి_గట్టు
వస్తాం అక్కా. గోదారి ఒడ్డున పెరిగినవాణ్ని, ఇక్కడికొచ్చాక ఏటి దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

సీమ_చినుకు
శనివారమే సరుకులు కొనేసుకోండి. ఆదివారం షాపులుండవు, పెద్ద స్టేషన్లో ఒకటీ అరా తప్ప. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకు, చాలావాటికి సీసాకి 25 సెంట్లు వెనక్కిస్తారు, షాపులో మెషీన్‌లో వెయ్యి. చేతిలో డబ్బు లేనప్పుడు అది కూడా ఒక పూట కూరగాయలకి వస్తుంది.

నిమ్మకాయ_పులిహోర
అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు. అప్పటినుంచి ఇండియాకి తేడా నాలుగున్నర గంటలు అవుతుంది, అమ్మకి ముందే చెప్పు, లేకపోతే ఫోన్ ఆలస్యమైందని కంగారు పడుతుంది. డిసెంబరుకి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ చీకటిలోనే చాలామందికి మనసు బరువెక్కుతుంది. నిద్ర అప్పటికీ పట్టకపోతే స్టూడెంటెన్‌వెర్క్‌లో కౌన్సెలర్లు ఉంటారు, చాలాచోట్ల ఇంగ్లీషులో మాట్లాడతారు. నేను వెళ్లాను, నాకు బాగా పనికొచ్చింది. సిగ్గుపడాల్సిన పని కాదు.

కొత్త_మొగ్గ
ఒక చిన్న సందేహం, నవ్వకండి. ఆవకాయ, నెయ్యి, కరివేపాకు తెచ్చుకోవచ్చా? అమ్మ ఇప్పటినుంచే లిస్టు రాస్తోంది.

తుని_తమలపాకు
నవ్వడమెందుకు, అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అడిగావు. ఆవకాయ తెచ్చుకో, రెండు కవర్లు తొడిగి డబ్బాలో పెట్టి చెక్-ఇన్ లగేజీలో వెయ్యి. నెయ్యి, పాలకోవా లాంటివి తేకు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు, కస్టమ్స్‌లో చూస్తే పారేస్తారు. ఇక్కడ ఉప్పులేని వెన్న చవక, కాచుకుంటే ఇల్లంతా ఘుమఘుమలాడే నెయ్యి వస్తుంది. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. కరివేపాకు కారం కొట్టించుకుని రా.

కొత్త_మొగ్గ
కుక్కర్?

తుని_తమలపాకు
చిన్నది, మూడు లీటర్లది. రెండు గాస్కెట్లు ఎక్కువ తెచ్చుకో. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ ఉండదు, ఎలక్ట్రిక్ పొయ్యిలే. ఇండక్షన్ కూడా ఉంటుంది, కాబట్టి అడుగున ఇండక్షన్ గుర్తు ఉందో లేదో చూసి కొనమని అమ్మకి చెప్పు.